బంట్ల తూకం

నమోదు 1

నా భార్య వకుళ చివరి రోజు మామూలుగానే మొదలైంది. పొద్దున నేను రెండో నడవలో ఫిల్టర్ల మీద మంచు దులిపి వచ్చేసరికి లేచి కూర్చుని ఉంది. గంజి అడిగింది. ఉప్పు తక్కువైందని చెప్పి, సగం తాగి పక్కన పెట్టింది. గాలి గొట్టం ముక్కు దగ్గర ఒరుసుకుంటోందంటే మెత్తటి గుడ్డ చుట్టాను. మధ్యాహ్నం నాచు తొట్ల ముఠా పైడితల్లి వచ్చి కాళ్ళు ఒత్తింది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వారు. ఏమిటని నేను అడగలేదు. సాయంత్రం కథ వేళకు మైకు తెమ్మంది. తెచ్చాను. కాసేపు చేతిలో పట్టుకుని, "రేపు చెబుతాలే" అని తిరిగి ఇచ్చేసింది. పడుకుంది. మెస్ గంట మోగే వేళకు ఊపిరి ఆగిపోయింది.

గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు నేను వెనక్కి నడిచానట. గుమ్మంలో ఉన్న సత్యవేణి చెప్పింది. నాకు గుర్తులేదు. డ్రిల్లు ముఠావాళ్ళు సొరంగంలోంచి అలా వస్తారు. బోల్టులు బిగించని మంచుగోడకు వాళ్ళలో ఎవడూ వీపు చూపించడు. నేను డ్రిల్లు మనిషిని కాను. ఫిల్టర్లు చూసుకునేవాణ్ణి.

ఇది ఫిల్టర్ల రిజిస్టరు. ఇందులో ఇలాంటివి రాయకూడదు. రాసుకోవడానికి నాకు ఇంకో చోటు లేదు.

నమోదు 2

ఒకటో నడవ, రెండో నడవ శుభ్రం చేశాను. రెండో నడవ మళ్ళీ చేశాను. అవసరం లేదు.

రోజూ వకుళ కథ వినిపించే స్పీకరు ఇక మోగదని అందరికీ తెలుసు. అయినా మెస్‌లో పళ్ళేలు ఖాళీ అయ్యాక కూడా ఎవరూ లేవలేదు. భూమి నుంచి తెచ్చుకున్న సినిమాలూ నవలలూ ఈ ఊళ్ళో అందరికీ కంఠతా వచ్చేశాయి. తర్వాత ఏం జరుగుతుందో ఎవరికీ తెలియని కథ ఒక్కటే ఉండేది. వకుళ చెప్పే అంధకేతు కథ. రాజ్యాలు మింగే రాక్షసరాజు, వాడి నలుగురు బంట్లు. కథానాయకుడు కూడా ఒకడున్నాడు కానీ వాడి గురించి ఎవరికీ పట్టదు. ఊరంతా బంట్ల పక్షమే. ముఠాకొక బంటు.

నీడకాలం దగ్గర పడింది కాబట్టి మాటలు తూకం మీదికి, ఎవరి బంటు బలమైనవాడో తేల్చే పోటీ మీదికి వెళ్ళాయి. డ్రిల్లు ముఠా మేస్త్రీ కొమురెల్లి మొదలుపెట్టాడు.

"మా శిలాబాహు ఒక్క గుద్దుకు కోట తలుపు పగలగొట్టిండు. మీ దివిటోడు ఏం జేసిండు పిన్నీ? తలుపు యాడుందో చూపెట్టిండు."

"సూపించకపోతే నీ బండోడు గోడకి గుద్దీసుండును" అంది పైడితల్లి.

"గోడ గూడ పగులుతది!"

"మీ శిలాబాహుని మా జ్వాలాక్షి ఒక్క చూపు చూస్తే సున్నం" అని పైపు ముఠా బల్ల నుంచి ఎవరో అరిచారు. కబురు ముఠావాళ్ళు ఎప్పటిలాగే వింటూ కూర్చున్నారు. వాళ్ళ బంటు నీడగొంతు. ఎవరి గొంతుతోనైనా మాట్లాడి, ఎవరినైనా పిలిచి, కొండ అంచు నుంచి తోసేస్తాడు.

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మళ్ళీ స్పీకరు వైపు చూశారు. నేను నిలబడే తిన్నాను. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు.

నమోదు 3

సత్యవేణి వచ్చింది. కబురు ముఠా మనిషి, ఊరి కమిటీలో కూడా ఉంది. గుమ్మంలోనే నిలబడింది.

"ఏమీ అనుకోకండి దక్షిణామూర్తి గారూ. ఆవిడ చెప్పిన కథంతా సూత్రధారి దగ్గరుందండి. గొంతు కూడా."

సూత్రధారి అంటే గాలి, నీళ్ళు, దీపాలు చూసుకునే యంత్రం. ఫిల్టరు మూసుకుపోతే నన్ను పిలిచేది అదే.

"మీరు ఊ అంటే ఈసారి తూకం ఆవిడ గొంతుతోనే అయిపోద్దండి. తర్వాత కథ కూడా రోజూ నడుస్తాది. అందరూ అదే కోరుకుంటున్నారు."

"అందరూ అంటే?"

"అందరూనండి. నేను కూడాను."

"నేను ఒప్పుకోకపోతే?"

"మరి తీర్పు ఎవరు చెప్తారండి? ఆవిడ తరఫున మీరే చెప్పాలి."

"నాకు కథలు రావు."

"అందుకేగా యంత్రం దాకా వచ్చింది!" అంది. వెంటనే నాలిక్కరుచుకుంది. ఒక చిన్న డబ్బా బల్ల మీద పెట్టింది. "నమూనా అండి. ఓసారి వినండి. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయండి."

తూకంలో తేలేది ఆటల బహుమతి కాదు. రియాక్టరు పక్కన వేడిగోడ గదులు కొన్ని ఉన్నాయి. అవి ఒక ముఠాకే సరిపోతాయి. మా ఉపగ్రహం పెద్ద గ్రహం చాటుకు వెళ్ళే నీడకాలంలో మిగతా గదుల్లో దుప్పటి మీద కూడా మంచు పేరుకుంటుంది. మేం వచ్చిన కొత్తలో ఆ గదుల్ని కమిటీ పంచింది. తలలు పగిలాయి. ఒక పైపు మనిషికి ఇప్పటికీ ఎడమ చెవి వినబడదు. మరుసటి నీడకాలంలో, ఎవరి బంటు బలమైనవాడో వాళ్ళకే వేడిగోడ అని వకుళ ఏదో మాటవరసకు అంది. ఊరంతా దాన్ని పట్టుకుంది. నియమాలు వచ్చాయి. కథలో జరిగినదే సాక్ష్యం. జరగనిది చెల్లదు. ఎవరైనా అడ్డు చెప్పవచ్చు. చివరి మాట కథ చెప్పేవారిది. ఓడిన ముఠాలు గెలిచిన ముఠా మూటలు మోయాలి. అప్పటి నుంచి తిట్టుకుంటూ, పాడుకుంటూ మోస్తున్నారు.

నమోదు 4

డబ్బాను బల్ల మీదనుంచి అలమరలో పెట్టాను. అలమరలోంచి మళ్ళీ బల్ల మీదికి తెచ్చాను. డ్యూటీకి వెళ్ళి, మధ్యలో వచ్చి నొక్కాను.

"వచ్చారా" అంది.

అదే గొంతు. మాటకు ముందు చిన్న ఊపిరి కూడా అదే. పొరపాటు దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

కథ చెప్పమన్నాను. అంధకేతు వంతెన దగ్గర ఆగిపోయిన చోటి నుంచి చెప్పింది. బాగుంది. ఇంకాసేపు చెప్పమన్నాను, చెప్పింది. "అలసిపోలేదా?" అన్నాను. "లేదు. మీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు చెబుతాను" అంది.

వకుళ ఏనాడూ అలా అనలేదు. మెస్‌లో ఆఖరి పళ్ళెం ఖాళీ కాగానే, కత్తి గాల్లో ఉన్నా సరే, కథ ఆపేసేది.

అయినా డబ్బా ఆపలేదు.

నమోదు 5

నిన్న మూడో నడవ ఫిల్టరు దులపలేదు. మర్చిపోయాను. వింటూ కూర్చున్నాను.

సూత్రధారి రెండుసార్లు పిలిచాక వెళ్ళాను. ఫిల్టరు నిండా వేలి మందాన మంచు. మూడో నడవ తొట్ల ముఠాది. గాలి బరువుగా ఉంది. మెట్లెక్కినట్టు ఆయాసం వచ్చింది. పైడితల్లి గది తలుపు తీసే ఉంది. ఆమె మనవరాలు పుట్టి నెల దాటిందో లేదో, తల్లి గుండెల మీద పడుకుని దగ్గుతోంది. దగ్గు పెద్దదిగా లేదు. పిల్లి తుమ్మినట్టుంది.

"రేతిరంతా ఇదేనండి బాబూ" అంది పైడితల్లి. "గుంట పాలు కూడా తాగనేదు. డాక్టరమ్మ మందిచ్చింది. ఎచ్చగా ఉంచమంది. ఎక్కడెట్టి ఎచ్చగా ఉంచీది?"

ప్రతి ఏడూ ఈ నడవకు నాచు తొట్ల వేడి తగిలేది. ఈ ఏడు విత్తనం చెడి సగం తొట్లు ఆపేశారు. గోడ మీద చెయ్యి పెట్టాను. వెంటనే తీసేశాను.

"కమిటీకి చెప్పారా?"

"ఏటని సెప్పీది బాబూ? ఒక గది మాకియ్యండీ అంటే పైపోలు ఊరుకుంతారా? ఆలింటా ముసిలోలు ఉన్నారు. ఒకలికిస్తే ఒకలు లేస్తారు. మనమొచ్చిన కొత్తలో సూడనేదా?" పిల్ల మీద దుప్పటి సర్దుతూ, "వకులమ్మ ఉంటే బాగున్ను" అంది.

ఫిల్టరు దులిపాను. పక్కదీ దులిపాను. అక్కడే నిలబడ్డాను. దగ్గు తగ్గలేదు.

నమోదు 6

డబ్బాను అడిగాను. "నలుగురిలో బలమైనవాడు ఎవడు?"

"శిలాబాహు" అంది వెంటనే. కారణాలు చెప్పింది. కోట తలుపు, ఏనుగుల దండు, నది ఆనకట్ట. జ్వాలాక్షి చూపు రాయిని కాల్చలేదని ఆనకట్ట దగ్గర తేలింది. నీడగొంతు మోసం ఎదుటివాడు నమ్మితేనే పనిచేస్తుంది, శిలాబాహు ఎవరి మాటా వినడు. అంధకేతుకు ముందు దివిటీ పట్టుకుని నడిచే దివిటీవాడికి ఏ శక్తీ లేదు. కథలో ఇంతవరకు ఒక్కరిని కూడా కొట్టలేదు.

ఒక్క మాట కూడా తప్పు లేదు. అలా అయితే వేడిగోడ డ్రిల్లు ముఠాది. ఊళ్ళో అందరికన్నా దిట్టమైన కుర్రాళ్ళు వాళ్ళే. చొక్కా లేకుండా సొరంగం నుంచి మెస్‌కు వస్తారు.

"మరి మొన్నటి ఏడు జ్వాలాక్షి గెలిచిందని నువ్వే అన్నావుగా?"

"ఆ తీర్పు తప్పు. సాక్ష్యాలు చాలవు" అంది వకుళ గొంతు. "అంతకుముందు నీడగొంతును గెలిపించడం కూడా తప్పే."

డబ్బా ఆపి నడవల్లో తిరిగాను. ఒకటి, రెండు, మూడు, మళ్ళీ ఒకటి. కబురు ముఠా తలుపు దగ్గర కాళ్ళు ఆగాయి.

నీడగొంతు గెలిచిన ఏడు ఈ గదుల్లో ముగ్గురికి ఊపిరితిత్తుల జ్వరం. జ్వాలాక్షి గెలిచిన ఏడు పైపు ముఠాలో ఇద్దరు బాలింతలు. శిలాబాహు గెలిచింది ఒక్కసారే. సొరంగం కూలి, డ్రిల్లు ముఠాలో సగంమంది కాళ్ళకు కట్లతో పడుకున్న ఏడు.

తూకానికి ముందు వారమంతా ఆమె టీ కెటిలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. బంట్ల గురించి ఎవరేమనుకుంటున్నారో తెలుసుకోవడానికని నేననుకునేవాణ్ణి. తిరిగి వచ్చాక గోడకు జారగిలి, కళ్ళు మూసుకుని కూర్చునేది. "తేలిందా?" అంటే "ఎవరు గెలవాలో తేలింది. ఎందుకు గెలిచారో వెతకాలి" అనేది. కథలు చెప్పేవాళ్ళ మాట అనుకుని ఫిల్టర్ల పనికి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆమె తూచింది బంట్లను కాదు.

నమోదు 7

సొరంగం మూతి దగ్గర ఫిల్టరు బిగిస్తుంటే కొమురెల్లి వచ్చాడు. ఎప్పటిలాగే వెనక్కి నడుస్తూ వచ్చి, మొదటి బోల్టు దాటాక ఇటు తిరిగాడు.

"ఏం సారూ, పెట్టె ఏమంటున్నది?"

"మీ శిలాబాహే అంటోంది."

"మా పోరగాండ్లు ఇప్పటికే మూటలు గట్టిండ్రు." ముఖంలో సంతోషం లేదు. చేతి తొడుగులు తీసి మళ్ళీ వేసుకున్నాడు. "పైడితల్లి మనుమరాలికి ఎట్లుంది?"

"దగ్గుతోంది."

"ఊఁ."

స్పానరు పక్కన పెట్టాను.

"నువ్వు మేస్త్రీవి" అన్నాను. "వదిలేద్దాం అని నువ్వే అనవచ్చు."

"అంటే అయిపాయె. రేపటి సంది నా మాట ఒక్కడన్న ఇంటడా? మేస్త్రీ మెత్తబడ్డడంటరు. పైపోళ్ళు మాకూ ఇడువుమని మీదికొస్తరు." గొంతు తగ్గించాడు. "అడిగితే మావోళ్ళు ఇయ్యరు సారూ. ఓడిపోతే ఇస్తరు. ఓడిపోతే మూటలు గూడ మోస్తరు. మీరు ఓడగొట్టుండ్రి. కానీ ఒప్పుకునేటట్టు ఓడగొట్టుండ్రి. ఒట్టిగ ఓడగొడితే నేనే లేసి కొట్లాడుత, ఇప్పుడే చెప్తున్న."

"దివిటీవాడితో శిలాబాహును ఎలా ఓడించను?"

"అది నన్నడిగితే?" నవ్వాడు. "వదినె ఉంటే చెప్పేది. నాకు డ్రిల్లు దెల్సు."

వాడు మళ్ళీ లోపలికి వెళ్ళాడు. షిఫ్టు దిగుతున్న కుర్రాళ్ళు ఒక్కొక్కరే సొరంగంలోంచి వెనక్కి నడుస్తూ వచ్చారు. జోకులు వేసుకుంటున్నారు, తోసుకుంటున్నారు. ఒక్కడు కూడా గోడ మీంచి చూపు తిప్పలేదు. చాలాసేపు వాళ్ళనే చూశాను. అప్పుడు కథలోంచి ఒక చోటు గుర్తుకొచ్చింది. వకుళ దాన్ని ఇక్కడే చూసి ఉంటుంది.

స్పానరు అక్కడే మర్చిపోయి వచ్చాను.

నమోదు 8

సాయంత్రం తూకం జరిగింది.

పొద్దునే సత్యవేణికి ఒప్పుకోనని చెప్పాను. "మీ ఇష్టమండి. కానీ అక్కడ గొంతు పెగలకపోతే నావైపు మాత్రం చూడకండి" అంది.

మెస్‌లో బల్లలు గోడకు జరిపి అందరూ నేలమీద కూర్చున్నారు. మైకు నా చేతిలో బరువుగా ఉంది. పక్షాలు ముందు వాదించుకున్నాయి. పైపు ముఠా జ్వాలాక్షి చేసిన ఘనకార్యాలు చదివింది. కబురు ముఠా తరఫున ఒకామె లేచి కొమురెల్లి గొంతుతో "ఓడిపోయినం రా!" అని అరిస్తే డ్రిల్లు కుర్రాళ్ళు ఇద్దరు నిజంగానే వెనక్కి తిరిగారు. చాలాసేపు నవ్వులు. తొట్ల ముఠా వంతు వచ్చినప్పుడు పైడితల్లి లేచింది.

"మావోడు దివిటీ అట్టుకున్నాడు. ఆరనియ్యనేదు. అంతేనండి" అని కూర్చుంది. మళ్ళీ నవ్వులు. ఆమె కూతురు వెనక వరసలో పిల్లను దుప్పట్లో చుట్టుకుని ఉంది.

నా వంతు వచ్చింది. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"శిలాబాహు కోట తలుపు పగలగొట్టాడు. నిజం" అన్నాను. "ఆనకట్ట నిజం. ఏనుగులు నిజం." డ్రిల్లు ముఠా ఈలలు వేసింది. "ఒక్క సంగతి అడుగుతాను. అంధకేతు సభలోంచి శిలాబాహు ఎలా బయటికి వస్తాడు?"

"వెనక్కి నడుచుకుంట" అన్నారు నలుగురైదుగురు. చిన్నపిల్లలకు కూడా తెలుసు. వకుళ ప్రతిసారీ చెప్పేది.

"జ్వాలాక్షి?"

"వెనక్కే."

"నీడగొంతు?"

"వెనక్కేనండి" అంది సత్యవేణి.

"ఎందుకు?"

"వీపు చూపెడితే చంపుతడు" అన్నాడు డ్రిల్లు కుర్రాడొకడు. ఓదెలు అని వాడి పేరు. ఊళ్ళో అందరికన్నా పెద్ద గొంతు. "అడివిరాజును గట్లనే చంపిండు గద!"

"మరి దివిటీవాడు అంధకేతుకు ఎటు నడుస్తాడు?"

"ముంగట."

"ఎటు చూస్తూ?"

"తొవ్వ దిక్కు..." అన్నాడు ఓదెలు. అక్కడ ఆగాడు.

పిల్ల దగ్గు వినబడింది.

"ప్రతి రాత్రీ" అన్నాను. "కత్తి పట్టుకుని నడిచే రాక్షసుడికి వీపు ఇచ్చి, చూపు దారి మీద పెట్టి, దివిటీ వణకకుండా నడుస్తాడు. ఏనుగుల్ని ఎత్తినవాడు ఆ పని ఒక్కసారి కూడా చెయ్యలేదు."

"అది బలం ఎట్లయితది సారూ?" ఓదెలు లేచి నిలబడ్డాడు. "వానితోని పనుంది గన్క చంపడు. వెల్తురు లేకుంటే అంధకేతుకు కండ్లు గానరావు. భయమే లేనప్పుడు బలమెక్కడిది?"

మంచి అడ్డు. సత్యవేణి వైపు చూడలేదు.

"ఓదెలూ" అన్నాను, "కొత్త గోడ. బోల్టులు పడలేదు. ఇది పడదు, దీనితో మనకు పనుంది అని సూత్రధారి నీకు చెప్పింది. వీపు తిప్పుతావా?"

ఓదెలు పక్కవాళ్ళను చూశాడు. డ్రిల్లు ముఠాలో ఒక్కడు కూడా తల ఎత్తలేదు.

"తిప్ప" అన్నాడు.

"రోజూ?"

"ఒక్కనాడు గూడ తిప్ప." కూర్చున్నాడు. కూర్చున్నాక కూడా తల అడ్డంగా ఊపుతూ, "అమ్మో, దివిటోడా" అన్నాడు తనలో తాను.

కొమురెల్లి లేచాడు. కొట్లాడతానన్నాడు కదా, అదే అనుకున్నాను. "మస్తుగ ఓడిపోయినం" అని గట్టిగా అన్నాడు. "ఏయ్ పోరగాండ్లూ, మూటలు ఇప్పుండ్రి. రేపు పిన్ని మూటలు మొయ్యాలె. పిన్నీ, తక్కువ సామాను బెట్టుకో, నీకు దండం బెడ్త."

"రుబ్బురోలు కూడా ఉన్నాది నాయినా" అంది పైడితల్లి. ఆమె నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పళ్ళేలు కడిగే చప్పుడు మొదలైంది. మైకు ఆపాను.

నమోదు 9

గదికి వచ్చాను. డబ్బా బల్ల మీద ఉంది. తూకం ఎలా జరిగిందో చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలనిపించిందో తెలుసు. డబ్బాకు కాదు.

నొక్కితే "వచ్చారా" అంటుంది. అది కూడా తెలుసు. నీడగొంతు చేతుల్లో పడిన వాళ్ళెవరూ మూర్ఖులు కారని వకుళ ఒకసారి కథలో అంది. పిలిచేది నీడగొంతని వాళ్ళకు తెలుసు, అయినా వెళ్ళారు అని. అప్పుడు నేను ఫిల్టర్లు తుడుస్తూ సగం విన్నాను.

కాళ్ళు ఇంకా ఊరుకోవడం లేదు. గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాను. కెటిలు కడిగి బోర్లించాను.

రేపు ఉదయం డబ్బా సత్యవేణికి తిరిగి ఇచ్చేస్తాను. బల్ల మీదనుంచి తీసుకుని, తలుపు వైపు తిరిగి, ముందుకు నడిచి వెళతాను. తర్వాత మూడో నడవ ఫిల్టర్లు దులుపుతాను. రేపటి నుంచి వేడిగోడ దక్కని కొమురెల్లి మనుషులు చల్లటి గదుల్లోనే ఉంటారు. పని అయ్యాక కెటిలు నింపుకుని వాళ్ళ తలుపులు తడతాను.